కారుకి కొత్త టైర్లు: మెత్తదనం, పట్టు రెండూ దక్కేలా ఎంచుకోవడం ఎలా?

టైర్లు కొనడానికి వెళ్తే తరచూ వినిపించే మాట: "మెత్తగా కావాలంటే గ్రిప్ తగ్గుద్ది, గ్రిప్ కావాలంటే గట్టిగా ఉంటది." ఇందులో నిజం సగమే. ప్రయాణంలో మెత్తదనం ఎక్కువగా సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు వల్ల, దాని లోపలి పొరల వల్ల, మనం నింపే గాలి వల్ల వస్తుంది. పట్టు ఎక్కువగా రోడ్డును తాకే రబ్బరు మిశ్రమం వల్ల, దానిలోని గాడుల వల్ల వస్తుంది. అవి టైరులో వేర్వేరు భాగాలు. కాబట్టి రెండూ బాగున్న టైరు దొరకడం అసాధ్యమేమీ కాదు. కాకపోతే మూడోది ఏదో ఒకటి వదులుకోవాలి. అది స్టీరింగ్ తిప్పగానే కారు చురుగ్గా తిరగడం కావచ్చు, టైరు ఎక్కువ కిలోమీటర్లు మన్నడం కావచ్చు, కొంత మైలేజీ కావచ్చు. ఈ మూడింటిలో మీకు ఏది పోయినా ఫరవాలేదో ముందే తేల్చుకోండి. తర్వాతి ఎంపికలన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

1. తప్పు టైరుదేనా?

కారు గతుకుల్లో కొడుతోందని టైర్లు మార్చి, మార్చాక కూడా అలాగే కొడుతుంటే టైరునే తిట్టుకునేవాళ్లు చాలామంది. ముందు పొద్దున్నే, బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవండి. డ్రైవర్ డోరు తీస్తే పక్కన కనిపించే స్టిక్కర్ మీద కంపెనీ చెప్పిన అంకె ఉంటుంది. అక్కడ 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉండి, మీ టైర్లలో 40 ఉంటే సమస్య దొరికినట్టే.

తర్వాత పాత టైరు అరిగిన తీరు చూడండి. నడిమధ్య అరిగితే గాలి ఎక్కువ. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల భాగం) మీద చెయ్యి ఒకవైపు రాస్తే నున్నగా, ఎదురు రాస్తే రంపంలా తగిలితే అదీ అలైన్‌మెంట్ లోపమే, ఎక్కువగా టో కోణంలో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణంలో. అక్కడక్కడా ఎత్తుపల్లాలుగా అరిగి ఉంటే షాక్ అబ్సార్బర్లు పనైపోయాయని, లేదా బ్యాలెన్సింగ్ సరిగా లేదని అర్థం. ఈ లోపాలు సరిచేయకుండా ఎంత మంచి టైర్లు వేసినా కొద్ది నెలల్లోనే అవీ అలాగే అరిగి, అదే మోత మొదలవుతుంది.

వయసు కూడా చూడండి. సైడ్‌వాల్ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని. టైరుకి ఒకవైపే ఈ నాలుగంకెలు ఉండొచ్చు. కనిపించకపోతే రెండోవైపు వెతకండి. రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. ట్రెడ్ ఎంత మిగిలినా గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును పట్టదు, గతుకునూ మింగదు. ఆరేళ్లు దాటిన టైరును ఏటా నిపుణులకు చూపించండి. పదేళ్లు దాటితే ట్రెడ్‌తో నిమిత్తం లేకుండా, స్టెప్నీతో సహా, మార్చేయండి.

2. సైజు చదవడం

ఉదాహరణకు 205/55 ఆర్16 91వి. టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు. సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం, అంటే సుమారు 113 మి.మీ. ఆర్ అంటే రేడియల్. రిమ్ము 16 అంగుళాలు. 91 అనేది బరువు కోడ్: ఒక్కో టైరు 615 కిలోల దాకా మోస్తుంది. వి అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. టి అయితే 190, హెచ్ అయితే 210, డబ్ల్యూ అయితే 270.

ఈ అంకెలను ఇప్పుడు వేసి ఉన్న టైరు మీద కాక, డోరు స్టిక్కర్ మీద చూసి రాసుకోండి. సెకండ్ హ్యాండ్ కారైతే ఇది మరీ ముఖ్యం, పాత యజమాని ఏ సైజు వేసి వదిలేశాడో తెలియదు. కొత్త టైరు బరువు కోడ్ కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. వేగం అక్షరం కూడా అంతే. "మనం 120 దాటం కదా" అని తక్కువ అక్షరం తీసుకోకండి. ఆ అక్షరం వెనక వేడిని తట్టుకునే నిర్మాణం ఉంటుంది, నిండా మనుషులు, సామాను ఉన్న రోజున అది పనికొస్తుంది. అలాగని అవసరం లేకుండా పైకి పోవడమూ దండగే. హెచ్ సరిపోయే కారుకి డబ్ల్యూ వేస్తే సాధారణంగా టైరు గట్టిగా ఉంటుంది, ఆ వేగం మీరు వాడనూ వాడరు.

3. అసలు మెత్తదనం ఉండేది సైడ్‌వాల్ ఎత్తులో

గుంత అంచు తగిలినప్పుడు ముందుగా వంగేది సైడ్‌వాల్. అది ఎంత పొడుగుంటే అంత నెమ్మదిగా వంగి దెబ్బను మింగుతుంది. ఒకే కారు మోడల్‌లో చిన్న రిమ్ములున్న వేరియంట్ మెత్తగా, పెద్ద అల్లాయ్‌లున్న పై వేరియంట్ గట్టిగా నడవడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ మూడు సైజులు పోల్చి చూడండి. మొత్తం వ్యాసం దాదాపు ఒకటే:

- 195/65 ఆర్15: సైడ్‌వాల్ 127 మి.మీ., మొత్తం వ్యాసం 634.5 మి.మీ.
- 205/55 ఆర్16: సైడ్‌వాల్ 113 మి.మీ., మొత్తం వ్యాసం 632 మి.మీ.
- 225/45 ఆర్17: సైడ్‌వాల్ 101 మి.మీ., మొత్తం వ్యాసం 634 మి.మీ.

17 అంగుళాల నుంచి 15కి దిగితే, స్పీడోమీటర్ లెక్క మారకుండానే, రిమ్ముకీ రోడ్డుకీ మధ్య మరో పాతిక మిల్లీమీటర్ల మెత్తటి భాగం దొరుకుతుంది. రిమ్ము వంగే ప్రమాదం తగ్గుతుంది. చిన్న సైజు టైర్లు సాధారణంగా చవక కూడా. కాబట్టి మెత్తదనం మీకు నిజంగా ముఖ్యమైతే, టైరు మోడళ్ల వేట మొదలుపెట్టే ముందు, మీ కారు కింది వేరియంట్‌కి కంపెనీ ఏ రిమ్ము ఇచ్చిందో చూడండి. ఆ సైజు మీ వేరియంట్‌కి కూడా చెల్లుతుందని మాన్యువల్‌లో ఉంటే, ఆ రిమ్ములతో సహా మారడమే అన్నిటికంటే పెద్ద మార్పు. ఒక్క జాగ్రత్త: పై వేరియంట్లలో బ్రేక్ డిస్కులు పెద్దవి ఉండొచ్చు. చిన్న రిమ్ము లోపల బ్రేక్ కాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) పట్టకపోవచ్చు. కొనకముందే ఒక రిమ్ము బిగించి, చేత్తో తిప్పి చూడాలి. బోల్టుల మధ్య దూరం, ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందో చెప్పే కొలత), మధ్య రంధ్రం సైజు సరిపోవాలని వేరే చెప్పక్కర్లేదు.

రిమ్ములు మార్చకుండా సైడ్‌వాల్ మాత్రం పెంచుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది. 205/55 బదులు 205/60 వేస్తే? వ్యాసం 652 మి.మీ. అవుతుంది, అంటే 3.2 శాతం ఎక్కువ. మూడు శాతం దాటకూడదన్నది పరిశ్రమలో వాడుకలో ఉన్న గీత, ఇది దాన్ని దాటింది. స్పీడోమీటర్ ముల్లు 80 చూపిస్తే కారు ఇదివరకటి కంటే సుమారు రెండున్నర కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, లేదా కారు నిండా మనుషులున్నప్పుడు, టైరు మడ్‌గార్డ్ లోపలి భాగాన్ని రాసుకోవచ్చు. బండి లాగుడు కూడా కాస్త మందగిస్తుంది. డోరు స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో లేని సైజు వేయకపోవడమే మంచిది. కొన్ని చోట్ల తనిఖీలో, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో కూడా దాని గురించి అడుగుతారు.

వెడల్పు పెంచితే పట్టు పెరుగుతుందనేది ఇంకో నమ్మకం. పొడి రోడ్డు మీద, మలుపుల్లో, కొంత నిజమే. నిలిచిన నీళ్ల మీద మాత్రం వెడల్పాటి టైరు త్వరగా తేలుతుంది, ఎందుకంటే అదే బరువు ఎక్కువ జాగా మీద పరుచుకుంటుంది, పక్కకి తోయాల్సిన నీళ్లూ ఎక్కువే. వానాకాలం ఎక్కువగా నడిపేవాళ్లు కంపెనీ వెడల్పు దగ్గరే ఆగిపోండి.

4. మెత్తదనాన్ని తినేసే రెండు గుర్తులు

ఒకటి ఎక్స్‌ఎల్. అంటే ఎక్కువ బరువు మోసేలా బలపరిచిన టైరు. 205/55 ఆర్16లో మామూలుది 91 అయితే ఎక్స్‌ఎల్ 94, అంటే 670 కిలోలు. ఆ బరువు మోయాలంటే లోపల గాలీ ఎక్కువ ఉండాలి, నిర్మాణమూ గట్టిగానే ఉంటుంది. మీ కారుకి కంపెనీ ఎక్స్‌ఎల్ అడగకపోతే, అదే మోడల్‌లో మామూలుది దొరికితే, మామూలుదే తీసుకోండి. షాపులో "ఇది ఇంకా స్ట్రాంగ్" అని ఎక్స్‌ఎల్ ఇస్తారు. స్ట్రాంగే, కానీ మీ నడుముకి కాదు.

రెండోది రన్‌ఫ్లాట్. పంక్చరై గాలి మొత్తం పోయినా, సాధారణంగా 80 కిలోమీటర్ల వేగం దాటకుండా 80 కిలోమీటర్ల దూరం దాకా నడవగలిగేలా సైడ్‌వాల్‌ని బాగా మందంగా చేస్తారు. ఆ మందమే గతుకులో మీకు తగిలేది. రన్‌ఫ్లాట్ నుంచి మామూలు టైరుకి మారితే తేడా మొదటి గుంతలోనే తెలుస్తుంది. అయితే అలాంటి కార్లలో తరచుగా స్టెప్నీ ఉండదు. మారేముందు స్టెప్నీయో, గాలి పంపు ఉన్న పంక్చర్ కిట్టో ఏర్పాటు చేసుకోండి. మాన్యువల్ మామూలు టైర్లను ఒప్పుకుంటుందో లేదో కూడా చూడండి. రెండు రకాలూ కలిపి మాత్రం వేయకండి.

సైడ్‌వాల్ మీద సన్నటి అక్షరాల్లో లోపలి పొరల లెక్క కూడా రాసి ఉంటుంది: సైడ్‌వాల్‌లో పాలియెస్టర్ పొర ఒకటా, రెండా అని. మిగతావన్నీ ఒకేలా ఉంటే ఒక పొర టైరు మెత్తగా వంగుతుంది. రెండు పొరలది గుంతల దెబ్బకి, రాళ్ల కోతకి ఎక్కువ తట్టుకుంటుంది. రోజూ పగిలిన రోడ్ల మీదే తిరిగేవాళ్లకి రెండోదే మేలు, కాస్త గట్టిగా ఉన్నా. సైడ్‌వాల్ మీద ఉబ్బు వస్తే దానికి రిపేరు లేదు, టైరు మార్చాల్సిందే.

5. రకం ఎంచుకోవడం

కంపెనీలు పేర్లు ఎన్ని పెట్టినా మామూలు కారుకి వచ్చేవి నాలుగైదు రకాలే. కుటుంబంతో ఊరూ, హైవే రెండూ తిరిగేవాళ్లకి టూరింగ్ రకం: మెత్తదనం, తక్కువ మోత, తడిలో మంచి పట్టు దీని లక్ష్యాలు. మెత్తదనం, పట్టు రెండూ కావాలనే వాళ్లు మొదట వెతకాల్సింది ఇక్కడే. పెర్ఫార్మెన్స్ రకంలో పట్టు, స్టీరింగ్ చురుకుదనం ఎక్కువ, కానీ అది త్వరగా అరుగుతుంది, సైడ్‌వాల్ బిగువుగా ఉంటుంది. ఎకో రకం మైలేజీ కోసం. ఆల్ టెర్రైన్ టైర్ల పెద్ద ట్రెడ్ దిమ్మెలు తారు రోడ్డు మీద మోత చేస్తాయి, తడిలో బ్రేకింగ్ దూరం పెంచుతాయి. మట్టి దారులు నిజంగా ఉంటే తప్ప, ఎస్‌యూవీ కదా అని అవి వేయకండి.

వాతావరణం సంగతి వేరు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగితే సమ్మర్ టైర్ల రబ్బరు బిగుసుకుని పట్టు తగ్గుతుంది. మంచు పడే చోట ఉండేవాళ్లు మూడు కొనల పర్వతం లోపల మంచు పువ్వు బొమ్మ ఉన్న టైర్లే చూడాలి. ఎప్పుడూ వేడిగా ఉండే చోట వింటర్ టైర్లు వేస్తే అవి మెత్తగానే ఉంటాయి కానీ, బ్రేకు వేస్తే దూరం జారతాయి, గబగబా అరిగిపోతాయి.

ఎకో టైర్ల గురించి ఒక మాట. టైరు దొర్లేటప్పుడు రబ్బరు వంగి నిటారయ్యే ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది. ఆ నష్టం తగ్గిస్తే మైలేజీ పెరుగుతుంది. కానీ తడి రోడ్డు గరుకును పట్టుకోవడానికి రబ్బరులో ఆ నష్టం కావాలి. మంచి కంపెనీలు సిలికా కలిపిన మిశ్రమాలతో రెండూ కొంతవరకు సాధిస్తాయి. చవక ఎకో టైర్లలో మైలేజీ దక్కి, వానలో పట్టు పోవడం మామూలే.

ట్రెడ్ డిజైన్ చూసి కొనేవాళ్లూ ఉన్నారు. నిలువు గాడులు లోతుగా, వెడల్పుగా ఉంటే నీళ్లు బాగా పోతాయి, అంతవరకు నిజం. మిగతా వంపులూ మెరుపు గీతలూ చూసి పట్టు అంచనా వేయలేం. పట్టు రబ్బరు మిశ్రమంలో ఉంటుంది, అది కంటికి కనిపించదు.

6. కంటికి కనిపించనిది అంకెల్లో చూడటం

యూరప్‌లో అమ్మే టైర్ల మీద లేబుల్ ఉంటుంది. 2021 మే నుంచి వచ్చిన కొత్త లేబుల్‌లో తడి పట్టుకి, ఇంధన పొదుపుకి ఏ (A) నుంచి ఈ (E) దాకా గ్రేడ్లు. తడి పట్టు ఏ లేదా బీ ఉన్నవాటితో జాబితా మొదలుపెట్టండి, ఇంధన గ్రేడ్ ఒక మెట్టు తక్కువైనా ఫరవాలేదు. డెసిబెళ్లలో ఉండే మోత అంకె కారు బయట, రోడ్డు పక్కన కొలిచింది. కారు లోపల ఎంత వినిపిస్తుందో అది చెప్పదు, ఒక సూచనగా మాత్రం వాడుకోండి.

అమెరికా పద్ధతిలో సైడ్‌వాల్ మీదే మూడు విషయాలు అచ్చు వేస్తారు: ట్రెడ్‌వేర్ అంకె, ట్రాక్షన్ గ్రేడ్, టెంపరేచర్ గ్రేడ్. ట్రాక్షన్‌లో ఏఏ అన్నిటికంటే మేలు, తర్వాత ఏ, బీ, సీ. ఇది తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి లెక్క మాత్రమే, మలుపులో పట్టు ఇందులో లేదు. ట్రెడ్‌వేర్ 300 ఉన్నదానికంటే 600 ఉన్నది ఎక్కువ కాలం మన్నాలి. కానీ ఆ అంకె కంపెనీ తానే ఇచ్చుకునేది. అందుకే ఒకే కంపెనీ మోడళ్లను పోల్చడానికే అది పనికొస్తుంది. మరీ పెద్ద అంకె చూసి మురిసిపోకండి, అంత మన్నే రబ్బరు తరచుగా పట్టు విషయంలో రాజీ పడి ఉంటుంది.

వీటితోపాటు మీ సైజులోనో దగ్గరి సైజులోనో చేసిన పరీక్షలు వెతికి, తడిలో బ్రేకింగ్ దూరం ఎన్ని మీటర్లో చూడండి. పక్కపక్కన ఒకే రోజు, ఒకే కారు మీద చేసిన పరీక్షే పోలికకి పనికొస్తుంది. కొనుక్కున్నవాళ్ల అభిప్రాయాలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: వాళ్లు కొత్త టైరును అరిగి గట్టిపడిన పాత టైరుతో పోలుస్తున్నారు. ఏ కొత్త టైరైనా అప్పుడు మెత్తగానే అనిపిస్తుంది.

7. కొనేటప్పుడు, బిగించేటప్పుడు

తయారీ తేదీ చూడకుండా బిగించనివ్వకండి. నాలుగింటి తేదీలూ దగ్గరగా ఉండాలి. నీడలో సరిగా నిల్వ చేసిన ఏడాది పాత టైరుతో ఇబ్బంది లేదు, రెండేళ్లు దాటితే వేరేది అడగండి.

నాలుగూ ఒకేసారి, ఒకే మోడల్ మార్చడం ఉత్తమం. రెండే కొంటే, ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారైనా సరే, కొత్త జత వెనక వేయించండి. చాలామంది దీనికి ఒప్పుకోరు, ఇంజన్ లాగే చక్రాలకే కొత్తవి కావాలంటారు. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే కారు తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే మళ్లీ దారికొస్తుంది. వెనక టైర్లు జారితే కారు గిరగిరా తిరుగుతుంది, దాన్ని సరిదిద్దడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. ఆల్ వీల్ డ్రైవ్ అయితే ముందు వెనక ట్రెడ్ లోతుల తేడా ఎంత ఉండొచ్చో మాన్యువల్ చూడండి. తేడా ఎక్కువైతే డ్రైవ్ భాగాలే దెబ్బతింటాయి.

బిగించేటప్పుడు దగ్గరుండి ఇవి చూసుకోండి:

- రబ్బరు వాల్వులు కొత్తవి వేయించాలి. గాలి సెన్సార్ ఉన్న వాల్వులైతే వాటి సీల్ సెట్ మార్చాలి.
- బాణం గుర్తున్న టైరు ఆ దిశలోనే తిరగాలి. ఔట్‌సైడ్ అని రాసినవైపు బయటికే కనిపించాలి.
- టైరు మీద పసుపు చుక్క ఒక్కటే ఉంటే అది తేలిక వైపు, దాన్ని వాల్వు పక్కకి తేవాలి.
- బ్యాలెన్సింగ్‌లో ఒక చక్రానికి మరీ ఎక్కువ వెయిట్లు అంటించాల్సి వస్తే, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి.
- నట్లు ఎదురెదురుగా బిగించి, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, మాన్యువల్ చెప్పిన అంకెకి చేయాలి. గన్‌తో ఎడాపెడా బిగిస్తే బ్రేక్ డిస్క్ వంకరపోవచ్చు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూపించండి.
- అలైన్‌మెంట్ అదే రోజు చేయించి, ముందూ తర్వాతా అంకెలున్న కాగితం అడిగి తీసుకోండి.

8. గాలితో చివరి సర్దుబాటు

ఎంత ఆలోచించి ఎంచుకున్నా, షాపువాళ్లు 40 పీఎస్ఐ కొట్టి పంపితే మెత్తదనం ఇంటికి రాదు. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ కొలిచి, డోరు స్టిక్కర్ అంకెకి తెచ్చుకోండి. సైడ్‌వాల్ మీద ఉండే అంకె ఆ టైరు భరించే గరిష్ఠం, మీరు నింపాల్సింది కాదు. స్టిక్కర్ మీద ఇద్దరు కూర్చుంటే ఒకటి, నిండా బరువుంటే ఒకటి అని రెండు అంకెలుంటే, రోజువారీకి మొదటిది వాడి, దూరప్రయాణానికి రెండోదానికి మారండి. ఇంకా మెత్తగా కావాలని స్టిక్కర్ కంటే తగ్గించకండి. టైరు అంచులు అరుగుతాయి, వేడెక్కుతుంది, గుంతలో రిమ్ము నేరుగా దెబ్బ తింటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే గాలి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది, కాబట్టి నెలకోసారి, చలికాలం మొదట్లో తప్పనిసరిగా, చూసుకోవాలి. నైట్రోజన్ నింపించుకుంటే ఈ పని తప్పుతుందనుకోకండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన పదార్థం పైపొర మీద ఉండి, అరిగేదాకా కొత్త టైరు కాస్త జారుతుంది. ట్రెడ్ దిమ్మెలు నిండు ఎత్తులో ఉంటాయి కాబట్టి మలుపుల్లో కొంచెం ఊగినట్టూ అనిపిస్తుంది, అది తగ్గిపోతుంది.

తగ్గనివి ఇవి. 80 నుంచి 110 మధ్య వేగంలో స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించండి, అయినా పోకపోతే రిమ్ము వంకరుందేమో మెషీన్ మీద తిప్పి చూడమనండి. కారు ఒకవైపు లాగుతుంటే, టైర్లకి దిశ బాణం లేనప్పుడు, ముందు రెండు చక్రాలను ఎడమకీ కుడికీ మార్చి చూడండి. లాగుడు కూడా రెండోవైపుకి మారితే లోపం టైరులో ఉంది, వారంటీలో మార్చమని అడగొచ్చు. మారకపోతే అలైన్‌మెంట్ లేదా బ్రేకు. గతుకుల్లో దడదడలాడే చప్పుడు అలాగే ఉంటే, ఇక టైర్ల జోలికి పోకుండా సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్సార్బర్ల పై మౌంట్లు చూపించండి.